నల్గొండ, పాలమూరు దారుల్లో వారాంతపు ఫొటో ప్రయాణం: స్నేహితులతో గొడవ పడకుండా మంచి ఫొటోలు తెచ్చుకోవడం ఎలా?

ఫొటోల పిచ్చి ఉన్నవారు ఒకరు, ఆ పిచ్చి లేనివారు ముగ్గురు కలిసి ఆదివారం కారెక్కితే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. తొమ్మిదింటికి టిఫిన్, పదిన్నరకు గుడి, పన్నెండింటికి కోట, రెండింటికి బిర్యానీ, నాలుగింటికి డ్యాం. ఇంటికొచ్చి చూసుకుంటే కార్డు నిండా ఫొటోలే. కళ్లు చికిలించిన ముఖాలు, వెలవెలబోయిన ఆకాశం, నల్లగా మూసుకుపోయిన గుడి వాకిళ్లు. పైగా "నీ కెమెరా వల్లే ఆలస్యమైంది" అన్న నిష్ఠూరం.

ఇందులో కెమెరా తప్పు లేదు, స్నేహితుల తప్పూ లేదు. చూడాల్సిన చోట్ల జాబితా ముందే రాసేసుకుని, వెలుగు ఎలా ఉంటే అలా సర్దుకుపోదామనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. ఈ వరుసను తిప్పేయాలి. ముందు వెలుగు, తర్వాత చోటు, ఆ తర్వాతే భోజనం. ఒక రోజుకు ఒక్క ఊరు. దక్షిణ తెలంగాణలో ఇలా తిరగడం కష్టం కాదు. హైదరాబాద్ నుంచి నల్గొండ, పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ రెండూ వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. తెల్లవారుజామున బయలుదేరితే మొదటి వెలుగు అందుతుంది.

1. ముందు నెల చూడండి

మ్యాప్ తెరవడానికి ముందు క్యాలెండర్ తెరవాలి. ఒకే చోటు ఆగస్టులో ఒకలా, ఏప్రిల్‌లో మరొకలా ఉంటుంది.

వానాకాలంలో అందరి చూపూ నాగార్జునసాగర్ గేట్ల మీదే. మొత్తం 26 క్రస్ట్ గేట్లు. అవి ఎప్పుడు లేస్తాయో వారం ముందే లెక్క కట్టవచ్చు. కృష్ణ వరద ఆల్మట్టి, నారాయణపూర్ దాటి జూరాలకు, అక్కడి నుంచి శ్రీశైలానికి, ఆ తర్వాతే సాగర్‌కు వస్తుంది. జూరాల గేట్లు ఎత్తారన్న వార్త చూసి సాగర్‌కు పరుగెత్తడం మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోవడమే. శ్రీశైలం నిండి కిందికి వదలడం మొదలయ్యాక, సాగర్ మట్టం ఎంత ఉందో పత్రికలో రోజూ చూస్తూ ఉండండి. గేట్లెత్తిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు కనిపించేది నీళ్లు కాదు, కార్ల వరుస. సెలవు దొరికితే పనిరోజున వెళ్లండి, లేకపోతే శనివారం తెల్లవారుజామునే చేరుకోండి.

అక్టోబరు, నవంబరు నెలలు నా ఓటు ప్రకారం సంవత్సరంలో అన్నిటికంటే మంచివి. వాన కడిగిన ఆకాశం, పచ్చదనం పోని నల్లమల, జాతీయ రహదారి పక్కన బుట్టల్లో బాలానగర్ సీతాఫలాలు. ఆ బుట్టలు ఫొటోకూ పనికొస్తాయి, ప్రయాణానికీ పనికొస్తాయి. దీపావళి దాటాక కురుమూర్తి జాతర ఉంటుంది.

డిసెంబరు, జనవరిలో చెరువుల మీద మంచు పడుతుంది. పానగల్ ఉదయసముద్రం, కోయిల్‌సాగర్ గట్లు ఆ వేళలో చూడాలి. యాసంగి నాట్ల కోసం మిర్యాలగూడ, హాలియా వైపు మడుల్లో నీళ్లు నిలిపితే, సాగర్ ఎడమ కాలువ కింద ఎకరాలకెకరాలు అద్దాలైపోతాయి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగు పూస్తుంది. ఆకులు రాలిన కొమ్మల మీద ఎర్రటి పువ్వు కాబట్టి నీలి ఆకాశం వెనకాల ఉంటే చాలు, వేరే అలంకారం అక్కర్లేదు.

ఎండాకాలంలో ఎనిమిదిన్నర తర్వాత బయట ఫొటోలు మానేయండి. నల్గొండలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మే రెండో వారం ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. అయితే ఆ నెలల్లోనే చేయగలిగిన పనులూ ఉన్నాయి. ఒకటి మగ్గాల ఇళ్లు, గుడి మండపాల వంటి నీడపట్టు చోట్లు. రెండోది శ్రీశైలం వెనుక జలాలు తగ్గినప్పుడు సోమశిల ఎదుటి ఒడ్డున బయటపడే సంగమేశ్వరం. సంవత్సరంలో ఎక్కువ కాలం నీళ్లలో ఉండే గుడి అది.

2. గంట, దిక్కు

మన దగ్గర డిసెంబరు చివర సూర్యోదయం ఉదయం 6:40 ప్రాంతంలో, జూన్‌లో 5:40 ప్రాంతంలో అవుతుంది. ఉదయపు సూర్యుడు గంటకు 13, 14 డిగ్రీల చొప్పున నిట్టనిలువుగా పైకెక్కుతాడు. అందుకే చలిదేశాలవాళ్లు గంటల తరబడి అనుభవించే బంగారు వెలుగు ఇక్కడ ముప్పావు గంటలో అయిపోతుంది. ఆ ముప్పావు గంటలో మీరు పార్కింగ్ వెతుక్కుంటూ ఉండకూడదు. సూర్యోదయానికి అరగంట ముందే చోటుకు చేరి, నిలబడాల్సిన స్థలం చూసుకుని ఉండాలి.

దిక్కు సంగతి చాలామంది పట్టించుకోరు. డిసెంబరు చివర సూర్యుడు తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా, జూన్ చివర అంతే ఉత్తరంగా ఉదయిస్తాడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే తూర్పు నుంచి రెండున్నర పిడికిళ్లు అటో ఇటో. కొండ వెనక నుంచి వస్తాడా, చెరువు మీదుగా వస్తాడా అన్నది దీనితో ముందు రోజు సాయంత్రమే తేలిపోతుంది. సూర్యుడి దారి చూపే ఉచిత యాప్‌లున్నాయి, కానీ సిగ్నల్ లేని నల్లమలలో పిడికిలే దిక్కు.

3. బృందాన్ని కూర్చుకోండి

నలుగురు, మహా అయితే ఐదుగురు. ఒక కారులో పట్టేంత మంది. రెండో కారు చేరిందంటే ప్రతి టీ కొట్టు దగ్గరా ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటంతోనే పొద్దు గడిచిపోతుంది.

అందరూ ఫొటోగ్రాఫర్లు కానక్కర్లేదు. నిజానికి కాకపోవడమే మేలు. ఫొటోలు తీయని స్నేహితుడికి పని లేకపోతేనే విసుగొస్తుంది, అందుకే పని పంచండి. మాటకారి ఒకరుంటే ఊళ్లోవాళ్లతో మాట్లాడే బాధ్యత వారిది. పూజారిని, మగ్గం యజమానిని, పడవ నడిపేవారిని ముందుగా పలకరించేది వారే. ఒకరు లెక్క చూస్తారు. పెట్రోలు, టోలు, భోజనం అన్నీ వారి ఫోన్ నుంచే కట్టి, రాత్రికి వాటాలు చెబుతారు. ఇంకొకరు తెల్లటి థర్మోకోల్ షీట్ పట్టుకుని వెలుగును తిప్పి కొడతారు. ఈ పనికి ఓపిక కంటే హాస్యం ఎక్కువ కావాలి.

బయలుదేరే ముందు రాత్రి ఒక ఒప్పందం చేసుకోండి. ఉదయం వెలుగున్నంత సేపు ఫొటోలు తీసేవాళ్ల మాట చెల్లుతుంది, టిఫిన్ మాట ఎవరూ ఎత్తకూడదు. ఎండ ఎక్కాక సాయంత్రం నాలుగింటి దాకా మిగతావాళ్ల రాజ్యం. చేపల వేపుడు ఎక్కడ తినాలో, జొన్నరొట్టె ఎక్కడ దొరుకుతుందో, ఏ చెట్టు కింద నడుం వాల్చాలో వాళ్లే తేలుస్తారు. అప్పుడు కెమెరా సంచిలోకి పోవాలి. ఈ రెండో సగం పాటించనివాళ్లకు మరుసటి నెల తోడు దొరకదు.

4. సంచి

దీని మీద జనం పుస్తకాలకు పుస్తకాలు రాస్తారు, నాకైతే నాలుగు మాటలు చాలు. ఒక బాడీ, దానితో వచ్చిన మామూలు లెన్స్, వీలైతే ఎక్కువ వెలుగును లోపలికి రానిచ్చే 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్. రెండు బ్యాటరీలు, రెండు కార్డులు. తేలికైన ట్రైపాడ్. మంచి ఫోన్ ఒక్కటే ఉన్నా ఈ మార్గదర్శిలో చెప్పిన వాటిలో ఎక్కువ భాగం చేయవచ్చు. కెమెరా కొనాలనుకుంటే పాతదానితో మొదలుపెట్టి, మిగిలిన డబ్బు పెట్రోలుకు ఉంచుకోండి.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవద్దు. ఏసీ కారులోంచి వానాకాలపు ఉక్కలోకి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. దాన్ని తుడవకండి. చేరడానికి పావుగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించితే ఆ బెడద ఉండదు. ఇక ఎండాకాలంలో తలుపులు మూసిన కారులో కెమెరా వదిలి భోజనానికి వెళ్లకండి.

5. అడగాల్సిన చోట అడగండి

ఆలంపూర్ లాంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల దగ్గర సొంత జ్ఞాపకాలకు చేత్తో ఫొటోలు తీసుకోవడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు, ట్రైపాడ్‌కు మాత్రం అనుమతి అడుగుతారు. పూజలు జరిగే గర్భగుడిలో కెమెరా ఎత్తే ముందు పూజారిని అడగాలి. వద్దంటే వద్దే, రెండోసారి అడగడం మర్యాద కాదు. డ్యాం దగ్గర భద్రతా సిబ్బంది ఉంటారు. ఎక్కడి నుంచి తీయవచ్చో వారినే కనుక్కుంటే ఏ తలనొప్పీ ఉండదు. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. డ్యాం మీద, అభయారణ్యం మీద అది ఎగిరితే మీ వారాంతం పోలీస్ స్టేషన్లో ముగుస్తుంది.

కోటలకు వేళలున్నాయి. ఒకే బండరాయి మీద నిలిచిన భువనగిరి కోట లాంటి చోట్ల టికెట్ ఎప్పటి నుంచి, ద్వారం ఎప్పుడు మూస్తారు అన్నది తెలుసుకోకుండా సూర్యాస్తమయం ఆశతో వెళ్లకండి.

6. పానగల్: నీడను ఫొటో తీయడం

మొదటి ప్రయాణానికి నేను సిఫారసు చేసేది సాగర్ కాదు, పానగల్. నల్గొండ పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. కందూరు చోళుల కాలంలో రాజధానిగా వెలిగిన ఊరు. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, మ్యూజియం, ఉదయసముద్రం అన్నీ దగ్గర దగ్గరే. ఒక రోజంతా కారు ఎక్కువసార్లు తీయకుండా గడిపేయవచ్చు.

ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భాలయాలున్నాయి. ఒకదానిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం నీడ నిలువుగా పడుతుంది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు నడిచినా ఆ నీడ పగలంతా కదలదు. లోపలికి చేరేది నేరుగా పడే ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుగు. అందుకే అది సూర్యుడి వెంట పరుగెత్తదు. చూసినవాళ్లంతా ఫోన్ తీసి చటుక్కున నొక్కుతారు. ఫొటోలో లింగం కనిపిస్తుంది కానీ నీడ కనిపించదు. ఎందుకో చూద్దాం.

మొదటి కారణం ఫ్లాష్. చీకటి చూసి ఫోన్ తనంతట తాను ఫ్లాష్ కొడుతుంది. ఆ వెలుగు నీడనే చెరిపేస్తుంది. ముందు దాన్ని ఆపండి. రెండో కారణం, కెమెరా చీకటిని చూసి ఫొటోను మరీ తెల్లగా చేస్తుంది. గోడ మీద నీడకూ వెలుగుకూ ఉన్న తేడా చాలా స్వల్పం, ఆ తెల్లదనంలో అది కరిగిపోతుంది. అందుకే నీడ పక్కన వెలుగు పడిన గోడ మీదే కొలత తీసుకుని, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి. ఫోన్లో అయితే గోడ మీద వేలితో తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి జరపండి. కెమెరాలో ఐఎస్‌ఓ 1600తో (వెలుగును కెమెరా ఎంత సున్నితంగా అందుకోవాలో చెప్పే అంకె ఇది) మొదలుపెట్టి, ఎఫ్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) 2.8 లేదా 4 దగ్గర షట్టర్ వేగం సెకనులో పదిహేనో వంతు, ముప్పయ్యో వంతు ప్రయత్నించండి. మోచేతులు ఒంటికి ఆనించి, భుజం స్తంభానికి ఆనించి, ఊపిరి వదిలాక నొక్కండి. కెమెరా ఏ సవరణా చేయకుండా దాచే రా ఫార్మాట్‌లో తీస్తే ఇంటికొచ్చాక ఆ స్వల్ప తేడాను పెంచుకోవచ్చు.

మూడో కారణం మీ స్నేహితులే. వెలుగు వచ్చే దారి మండపంలోంచే కాబట్టి, అక్కడ ముగ్గురు నిలబడి కబుర్లు చెబుతుంటే గోడ మీద వెలుగు మసకబారుతుంది. వాళ్లను ఒక పక్కకు జరగమనండి. ఆ తర్వాత ఒక్కరిని నెమ్మదిగా మండపం అడ్డంగా నడవమనండి, గోడ మీద ఏం మారుతుందో మీరు లోపల నిలబడి గమనించండి. ఫొటోలంటే గిట్టనివాళ్లకు కూడా ఈ ఆట నచ్చుతుంది. భక్తులు దర్శనానికి వస్తే మాత్రం ఆట ఆపి దారి ఇవ్వాలి.

ఇక అసలు అభ్యాసం. ఒకే చోట నిలబడి, ఒకే ఎత్తు నుంచి, ఒకే సెట్టింగుతో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు ఫొటోలు తీయండి. బయట గుడి నీడ ఎటు పడుతోందో కూడా ప్రతిసారీ ఒకటి తీయండి. లోపలి మూడూ ఒక వరుసలో, బయటివి మూడూ కింద వరుసలో పెడితే, వివరణ రాయాల్సిన పని లేకుండా గుడి కథ చెప్పే పేజీ తయారవుతుంది. నడుమ ఖాళీ వేళల్లో పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది రామాయణ, భారత శిల్పాలు చూడండి, మధ్యాహ్నం మ్యూజియంలో గడపండి. చివరి ఫొటో అయ్యాక ఉదయసముద్రం కట్ట మీద సూర్యాస్తమయం.

7. ఆలంపూర్: శిల్పానికి పక్క వెలుగు

కర్నూలుకు పాతిక కిలోమీటర్ల దూరంలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆలంపూర్‌కు ఒక రాత్రి బస తప్పదు. ఉదయం ఏడింటికి గుళ్ల మధ్య ఉండాలంటే ముందు రోజే చేరాలి. 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలివి: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలు. పేర్లలో బ్రహ్మ ఉన్నా ఇవన్నీ శివాలయాలే. పక్కనే జోగులాంబ అమ్మవారి శక్తిపీఠం.

తొమ్మిదీ తీయాలనుకోవద్దు. స్వర్గ బ్రహ్మ ఆలయం ఒక్కటి చాలు, గోడల మీద దిక్పాలకుల శిల్పాలు ఉన్న గుడి అది. ఒక్క శిల్పాన్ని ఎంచుకుని దాని ముందు ఓపిగ్గా నిలబడండి. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు శిల్పం చదునుగా, గోడకు అంటించిన బొమ్మలా ఉంటుంది. ఎండ గోడ వెంబడి పక్క నుంచి జారుతున్నప్పుడు మొదట ముక్కు, తర్వాత భుజం, ఆ తర్వాత మెడలోని హారం పూసలు ఒక్కొక్కటే లేచి నిలుస్తాయి. ఎండ మొదట ఒక కిరీటం అంచుకు తగిలి, నెమ్మదిగా కిందికి దిగుతూ కనురెప్పల గీత దాకా వచ్చే ఆ కొద్ది నిమిషాల్లోనే ఫొటో ఉంది. ఎండ ముఖమంతా పరుచుకుంటే ఆ సొంపు పోతుంది. పడమటి గోడలకు ఇదే పని సాయంత్రం.

నీడ వైపు మరీ చీకటైతే థర్మోకోల్ స్నేహితుణ్ని పిలవండి. షీట్ లేకపోతే తెల్ల కండువా చాలు. మరీ దగ్గరగా పట్టుకుంటే నీడలన్నీ చచ్చి శిల్పం మళ్లీ చదునవుతుంది. రెండడుగులు వెనక్కి జరగమనండి.

శిఖరంతో సహా గుడి మొత్తం తీసేటప్పుడు దగ్గరగా నిలబడి కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. వీలైనంత వెనక్కి నడిచి, లెన్స్‌ను 18 మి.మీ. దగ్గర కాకుండా 35 మి.మీ. దగ్గర పెట్టి, కెమెరాను నేలకు నిటారుగా ఉంచండి. కింద నేల ఎక్కువగా వస్తే తర్వాత కత్తిరించుకోవచ్చు, వంగిన గోడను నిలబెట్టడం అంత తేలిక కాదు. గోడల్లోని రాతి జాలీ కిటికీలను లోపలి నుంచి చూడండి, నేల మీద పడే వెలుగు ముగ్గు బయటి నుంచి కనిపించదు.

మధ్యాహ్నం శ్రీశైలం ప్రాజెక్టు ముంపు వల్ల కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి కట్టిన సంగమేశ్వరాలయానికి, పాపనాశి గుళ్లకు వెళ్లిరండి. సోమశిల ఎదుటి ఒడ్డున ఎండాకాలంలో బయటపడే సంగమేశ్వరం వేరు, ఇది వేరు. స్నేహితులు ఈ రెండింటినీ కలిపేసి వాదిస్తారు, సిద్ధంగా ఉండండి.

8. నీళ్లు

నీటిని పాలనురగలా మెత్తగా చూపించే ఫొటోలు అందరికీ ముద్దే. షట్టర్ అర సెకను తెరిచి ఉంచితే ఆ మెత్తదనం వస్తుంది. ట్రైపాడ్ తప్పనిసరి. పొద్దుగుంకాక ఐఎస్‌ఓ 100, ఎఫ్ 16 దగ్గర పెడితే ఫిల్టర్ లేకుండానే అంత నెమ్మది వేగం దొరుకుతుంది. నల్లమలలో వటవర్లపల్లి దగ్గర మెట్లు దిగి చేరే మల్లెలతీర్థం లాంటి చిన్న జలపాతానికి ఆ పద్ధతి అందం.

సాగర్ గేట్లకు మాత్రం వద్దు. 124 మీటర్ల ఎత్తు కట్టడం మీద నుంచి దూకే కృష్ణ పట్టుచీరలా కనిపించకూడదు, భయపెట్టాలి. సెకనులో 500వ వంతు, 1000వ వంతు పెట్టండి. తునకలైన నీరు కనిపిస్తుంది. డ్యాం దిగువ వంతెన వైపు నుంచి చూస్తే గేట్ల వరుస అంతా కళ్లకు కడుతుంది. ఫ్రేములో ఎక్కడో ఒక మనిషి ఉండాలి, లేకపోతే ఆ ఎత్తు చూసేవాళ్లకు అందదు. తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది. మెత్తటి నూలుగుడ్డ రెండు జేబుల్లోనూ పెట్టుకోండి, గాలి మీ వైపు వీచినప్పుడు లెన్స్‌ను కిందికి దించండి. జనం ఎక్కువై విసుగొస్తే 274 ఎకరాల బుద్ధవనానికి వెళ్లిపోండి. 2022 మే నెలలో ప్రారంభమైంది. మహాస్తూపం గోపురం కింద నడిచేవాళ్లను నీడబొమ్మలుగా తీయడానికి మంచి చోటు. ఎత్తిపోతల జలపాతం ఆంధ్రప్రదేశ్ వైపున ఉంది, వెళ్తే పగలే వెళ్లి రావాలి.

9. అడవి, కొండ

2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో శ్రీశైలం రహదారి మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు తిరగనివ్వరు. కాబట్టి హైదరాబాద్ నుంచి రాత్రికి రాత్రి వెళ్లి అడవిలో సూర్యోదయం చూద్దామన్న ఆలోచన కుదరదు. మన్ననూరు ప్రాంతంలో బస చేసి, గేటు తీయగానే లోపలికి వెళ్లండి. ఫర్హాబాద్ వైపు అటవీ శాఖ నడిపే సఫారీలో వెళ్లాలి. పులి కనిపిస్తుందని స్నేహితులకు చెప్పి తీసుకెళ్లకండి. జింకలు, నెమళ్లు, లోయ మీద కదిలే మబ్బు అని చెప్పండి, అప్పుడు వచ్చినవాళ్లెవరూ నిరాశపడరు. చెంచు పెంటల (అడవిలో చెంచులుండే పల్లెల) దగ్గర కారాపి పిల్లలకు బిస్కెట్లు పంచుతూ ఫొటోలు తీయడం మానుకోవాలి. అది సేవ కాదు, ఫొటోగ్రఫీ కూడా కాదు.

దేవరకొండ కోట ఎక్కాలంటే చలికాలమే సరి. రేచర్ల పద్మనాయకుల కోట, చుట్టూ కొండలు, శిథిలమైన గోడలు. వానలు తగ్గగానే పొదలు దారిని మింగేస్తాయి, పాముల భయమూ ఉంటుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, మడమలు కప్పే బూట్లు, దిగడానికి తగినంత పగటి వెలుగు ఉండేలా చూసుకోండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఇందుకు పూర్తిగా వేరు. ఎక్కేది లేదు, దిగేది లేదు. మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రి. 2018లో చెదల మందును సెలైన్ సీసాలతో కొమ్మలకు ఎక్కించి బతికించుకున్న చెట్టు కాబట్టి కంచె దాటకండి, ఊడలు పట్టుకుని ఊగకండి. ఎండ రోజున ఆకుల సందుల్లోంచి పడే చుక్కలు ఫొటోను గజిబిజి చేస్తాయి. మబ్బు పట్టిన రోజు వెళ్లండి.

10. మగ్గాల ఇళ్లు

గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక. ఈ నాలుగు పేర్లూ చీరల దుకాణాల్లో వినేవే, చీర పుట్టే చోటు చూసినవారు తక్కువ. ఇక్కడ మాటకారి స్నేహితుడే నాయకుడు. కెమెరా మెడలో వేసుకుని గుమ్మంలో నిలబడకండి. "అమ్మా, మగ్గం చూడొచ్చా?" అని అడిగి, కూర్చుని, ఏం నేస్తున్నారో తెలుసుకుని, ఫొటో మాట ఆ తర్వాత ఎత్తండి.

గుంట మగ్గం ముందు నేతగాడి కాళ్లు నేలలోకి దిగి ఉంటాయి కాబట్టి ఆయన ముఖం మీ మోకాలి ఎత్తులో ఉంటుంది. మీరూ కింద కూర్చోండి. కిటికీ వెలుగు ఆయన చేతుల మీదికి వచ్చే వైపు చూసుకోండి, ట్యూబ్‌లైట్ ఆపమని అడిగితే సాధారణంగా ఎవరూ కాదనరు. పోచంపల్లి, పుట్టపాక వైపు దారాన్ని ముందే ముడులు కట్టి రంగులద్దే చిటికి పని జరుగుతుంది. ముడి విప్పినప్పుడు రంగు తాకని తెల్లటి చోటు బయటపడే క్షణం కోసం కెమెరా కంటికి ఆనించి ఉంచండి.

ఆసు పోయడం ఇంకొక దృశ్యం. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ చేయి అటూ ఇటూ వేల సార్లు తిరగాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పడే ఆ శ్రమ చూడలేక ఆసు యంత్రం తయారు చేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో ఆసు పోసే ఇల్లు దొరికితే షట్టర్ సెకనులో 15వ వంతుకు తగ్గించండి. ముఖం కదలకుండా నిలుస్తుంది, చేయి మాత్రం పొగలా చెదురుతుంది. భుజం నొప్పి ఎందుకొస్తుందో ఆ ఒక్క ఫొటో చెబుతుంది. వచ్చేటప్పుడు ఒక చీరో తువ్వాలో కొనండి. బేరం మితంగా.

11. అందరూ ఉన్న ఫొటో

తొంభై శాతం సమూహ ఫొటోలు ఒకేలా ఉంటాయి: వరుసగా నిలబడి, రెండు వేళ్లు చూపించి. దానికి బదులు అందరికీ ఒక పని ఇవ్వండి. సీతాఫలం పగలగొట్టుకుని తినమనండి, కట్ట మీద నడవమనండి, వాటాల లెక్క దగ్గర వాదించుకోమనండి. ఇది చెప్పకుండానే జరుగుతుంది. ఎండ వాళ్ల వెనక ఉండాలి, ముఖాలు నీడలో ఉండాలి, అప్పుడు ఎవరూ కళ్లు మూయరు. ట్రైపాడ్ మీద పది సెకన్ల టైమర్ పెట్టి, వరుసగా ఐదారు ఫొటోలు తీసేలా అమర్చి మీరూ వెళ్లి కలవండి. ఫొటోలు తీసేవాడు ఏ ఫొటోలోనూ లేడని తర్వాత ఇంట్లో వాళ్లు అనకుండా ఉంటారు.

12. తిరిగొచ్చాక

ఆ రాత్రే కార్డులోంచి కంప్యూటర్లోకి, అక్కడి నుంచి మరొక డిస్కులోకి. రెండు చోట్ల ఉన్నాయని చూసుకున్నాకే కార్డు ఖాళీ చేయండి. ఎంపిక మాత్రం రెండు రోజులు ఆగి చేయండి, ప్రయాణపు మత్తు దిగాక బాగోలేనివి బాగోలేనట్టే కనిపిస్తాయి. స్నేహితులకు పన్నెండు ఫొటోలు పంపితే పన్నెండూ చూస్తారు, రెండు వందలు పంపితే తమ ముఖం ఉన్నవి వెతుక్కుని మిగతావి వదిలేస్తారు. వారం దాటనివ్వకండి. ఊళ్లో తీసిన పిల్లల ముఖాలు వాళ్ల పెద్దలను అడగకుండా ఎక్కడా పెట్టకండి.

మగ్గం ఇంటికి, పడవ నడిపినవారికి ఫొటో పంపిస్తామని మాటిచ్చి ఉంటే ఫోన్‌కు పంపి ఊరుకోకుండా 4×6 అంగుళాల ప్రింట్లు తీయించి పోస్టు చేయండి. ఊరి పేరు, తేదీ వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో రాయాలి. బాల్ పెన్ నొక్కు ముందువైపుకు తేలి, సరిగ్గా ముఖం మీదే గీతలా కనిపిస్తుంది.